ఛాతీ వార్డులో నేర్చుకున్న ఇంగ్లీషు

నాయనను ఆసుపత్రిలో చేర్చేనాటికి నేను ఇంటర్మీడియట్ పాసై రెండేళ్లయింది. ఇంగ్లీషులో మంచి మార్కులే వచ్చాయి. గైడులోని వ్యాసాలను కామాలతో సహా బట్టీపట్టి రాసినవాణ్ణి. వానాకాలం మీద ఇంగ్లీషులో రెండు పేజీలు ఆగకుండా రాయగలను. ఆ వ్యాసంలో కురిసినలాంటి వాన మా ధర్మవరంలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. కానీ దగ్గును ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. ఆయాసం, ఆకలి, మింగడం, ఎక్కిళ్లు, పక్కకు ఒత్తిగిలి పడుకోవడం, ఇవేవీ మా పాఠాల్లో రాలేదు.

డెబ్బైల చివరి సంవత్సరాల మాట ఇది. నాయన ముప్పై ఏళ్లుగా మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీరలు నేసినవాడు. ఆ ఏడాది దగ్గులో నెత్తురు కనబడింది. మగ్గం ఆగకూడదు కాబట్టి అన్న నేతకు కూర్చున్నాడు. ఉద్యోగం లేకుండా ఉన్నది నేనే గనక నాయనకు తోడుగా జిల్లా పట్నానికి వచ్చాను. ఛాతీ వార్డులో పన్నెండు మంచాలు. మా నాయనది కిటికీ పక్కది. రోగులు మంచాల మీద, తోడు వచ్చినవాళ్లం మంచాల కింద.

రోజూ పొద్దున తొమ్మిదికి పెద్ద డాక్టరు తన విద్యార్థులతో వచ్చేవాడు. మంచి మనిషి, ఎవరినీ కసిరినవాడు కాదు. ప్రతి మంచం దగ్గరా ఆగి, కాగితం చూసి, విద్యార్థులతో ఇంగ్లీషులో రెండు మూడు నిమిషాలు మాట్లాడేవాడు. తర్వాత రోగి భుజం మీద చెయ్యివేసి తెలుగులో ఒక్క మాట అనేవాడు: "ఎట్లుండావు పెద్దాయనా? బాగా తిను." ఆ తెలుగు మాట పన్నెండు మంచాల దగ్గరా ఒకటే. వేరువేరుగా ఉండేది ఇంగ్లీషు. వాళ్లు వార్డు దాటగానే మంచాల కింద నుంచి తలలు లేచేవి.

"ఏం చెప్పిరప్పా?"

"ఏమో. తల అయితే ఆడించినాడు."

"అడ్డంగానా, నిలువుగానా?"

నవ్వులాటగా కనిపిస్తుంది గానీ అది నవ్వులాట కాదు. మా వైపు పల్లెల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఊరి బయట ప్రాణం పోయిన మనిషిని ఊళ్లోకి రానివ్వరు. పొలిమేర దగ్గరే దించి, అటు నుంచి అటే పూడ్చే గుంతకు తీసుకెళతారు. సొంత ఇంటి అరుగు మీద పడుకోబెట్టడం, కడుపున పుట్టినవాళ్లు చుట్టూ చేరడం, ఇంటి ముందు నుంచి ఎత్తుకుపోవడం, ఇవేవీ ఉండవు. ఆ చావును దిక్కులేని చావు అనేవాళ్లు. అందుకని ఆసుపత్రికి వచ్చిన ప్రతి కుటుంబానికీ రెండు ప్రశ్నలుండేవి. బాగవుతుందా అన్నది మొదటిది. కాదంటే ఎప్పుడు తీసుకుపోవాలి అన్నది రెండోది. ఆ రెండోది సమయానికి తెలియాలి. ప్రాణంతో ఉన్నంతవరకు బస్సులో టికెట్టు ఇస్తారు. పోయిన తర్వాత ఏ బస్సూ ఎక్కించుకోదు. దారిలో ప్రాణం పోతే తలకు తుండు చుట్టి, కిటికీకి ఆనించి, ఊరు వచ్చేదాకా ఏడుపు మింగుకుని కూర్చున్నవాళ్ల కథలు వార్డులో అందరికీ తెలుసు. మా రూట్ల కండక్టర్లకూ తెలుసు. ఆసుపత్రి స్టాపులో ఎక్కేవాళ్ల ముఖాల్లోకి వంగి మరీ చూసేవాళ్లు.

నాయన సంగతి తెలుసుకోవాలనే నేను ఆ ఇంగ్లీషు మీద పడ్డాను. నలభై పేజీల నోటుబుక్కు కొన్నాను. రౌండ్స్ జరుగుతున్నంతసేపూ తల వంచుకుని, వినబడిన మాటను వినబడినట్టు తెలుగు లిపిలో రాసుకునేవాణ్ణి. మధ్యాహ్నం నాయన నిద్రపోయాక గ్రంథాలయానికి పోయి డిక్షనరీలో వెతికేవాణ్ణి. సగం మాటలకు ఏ అక్షరం దగ్గర వెతకాలో తెలిసేది కాదు. అవి నర్సును అడిగేవాణ్ణి.

ఆమె కేరళ నుంచి వచ్చిన మనిషి. తెలుగు మా రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం మా యాసే పట్టుబడింది. "యాల తినలేదు పెద్దాయనా? యాడ నొస్తాండాది?" అంటుంటే రోగులు జబ్బు మరచిపోయి నవ్వేవాళ్లు. ఆమెకు మా మాటలు కావాలి, నాకు ఆమె ఇంగ్లీషు కావాలి. ఒక మాటకు ఒక మాట అని ఒప్పందం చేసుకున్నాం.

"ఎగపోత అంటే ఏమి?" అని ఆమె ఒక రోజు అడిగింది.

నాకు చెప్పడం రాలేదు. మంచం కోడు పట్టుకుని వంగి, భుజాలు ఎగరేస్తూ, ఊపిరి అందనట్టు ఎగపోసి చూపించాను.

"అట్ల చెప్పు," అని ఆమె దానికి ఇంగ్లీషు మాట ఇచ్చింది. తర్వాత, "నువ్వు డాక్టరు అవుతావా?" అంది.

"కాదు సిస్టర్. మా నాయన ఇంటికి వస్తాడా రాడా తెలుసుకోవల్ల. అంతే."

ఆమె మర్నాడు తన పాత రిజిస్టరులోని ఖాళీ కాగితాలు కొన్ని చింపి, వాటి మీద ముత్యాల్లాంటి అక్షరాలతో అరవై మాటలు రాసి తెచ్చింది. అన్నీ ఇంట్లో మాట్లాడుకునే మాటలే. పడుకో, లే, నమిలి తిను, గట్టిగా పీల్చు, నిన్నటికంటే, కొంచెం, చాలు, ఇక. రెండేళ్లు కాలేజీకి పోయినా నేర్చుకోనంత ఇంగ్లీషు ఆ కాగితాల్లో నేర్చుకున్నాను.

నెల రోజుల్లో ఒక సంగతి నాకు తెలిసింది. జబ్బు పేర్లు, మందు పేర్లు ఎంత పొడవుగా ఉన్నా వాటిలో మనిషి గతి ఉండదు. గతి అంతా చిన్న మాటల్లో ఉంటుంది. కంటిన్యూ అన్నారంటే ఇంకా పోరాడుతున్నారని. సేమ్ అన్నారంటే కాలక్షేపమని. వాచ్ అన్నారంటే నర్సు ఆ మంచం వైపు రెండింతలు వస్తుందని. కంఫర్టబుల్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు డిక్షనరీ చూసి సంతోషపడ్డాను. సుఖంగా, హాయిగా అని ఉంది. ఎవరి దగ్గర ఆ మాట అన్నారో ఆ మంచం నాలుగో రోజుకు ఖాళీ అయింది. తర్వాత మరొకటి. నోటుబుక్కులో ఆ మాట ఎదురుగా రాసుకున్న అర్థాన్ని కొట్టేసి, ఏమి రాయాలో తోచక అలాగే వదిలేశాను.

నాకు అర్థమవుతోందని వార్డుకు తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మొదట పక్క మంచంవాళ్లు అడిగారు, తర్వాత అందరూ. రౌండ్స్ అవగానే నా చుట్టూ చేరేవాళ్లు. ఎవరో కాఫీ తెచ్చేవాళ్లు, ఎవరో ఊరి నుంచి వచ్చిన రాగి సంగటిలో పెద్ద ముద్ద నాకు పెట్టేవాళ్లు. "చిన్నోడైనా డాక్టరు మాటలన్నీ పట్టేస్తాడు" అని కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను చూపించేవాళ్లు. ఇరవై ఏళ్లవాడికి అది చిన్న గౌరవం కాదు. ఆ గౌరవంతోపాటే ఒక చెడ్డ అలవాటు మొదలైంది. విన్నదానికంటే కొంచెం బాగున్నట్టు చెప్పడం. సేమ్ అంటే "పర్వాలేదంట" అనేవాణ్ణి. వాచ్ అంటే "బాగా కనిపెట్టి చూసుకుంటారంట" అనేవాణ్ణి. అబద్ధం కాదు గదా అనుకునేవాణ్ణి. వాళ్ల ముఖాలు విచ్చుకునేవి. నాకు సంగటి రుచిగా ఉండేది.

తర్వాత ఎనభైలలో నేను ఒక దినపత్రికలో చేరి, ఏజెన్సీల ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసే బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నాను. అక్కడి పెద్దాయన నా మొదటి కాపీ చూసి, "ఇంగ్లీషువాడు పదిమంది పోయారన్నాడు, నువ్వు కొందరు అన్నావు. ఎవరి మీద జాలి?" అని అడిగాడు.  అది ఎక్కడ నేర్చుకున్న జాలో ఆయనకు చెప్పే సంగతి కాదు.

నాయన పక్క మంచానికి వేసవి మొదట్లో ఒకాయన వచ్చాడు. గుమ్మఘట్ట దగ్గర పల్లె. కరువు పనుల్లో రోడ్లకు కంకర కొట్టీ కొట్టీ ఊపిరితిత్తుల్లోకి దుమ్ము దిగిన మనిషి. నలభై దాటి ఉండవు, అరవై ఏళ్లవాడిలా ఉన్నాడు. తోడు ఆయన భార్య. ఏడేళ్ల కూతురిని అత్త దగ్గర వదిలి వచ్చింది. కన్నడం కలిసిన తెలుగు ఆమెది, మాట పెళుసు. మా నాయనకూ ఆమెకూ మొదటి రోజే పొత్తు కుదిరింది.

"యాపొద్దూ పట్టుచీరలు నేస్తివి గదా మామా, నీ పెండ్లాముకు ఒకటన్నా నేస్తివా?" అని అడిగేది.

"నేసింటే ఇంతదాకా బతికుంటినా? సావుకారి మగ్గం మీదనే చంపేసుండు," అనేవాడు నాయన, దగ్గు మధ్యలో నవ్వుతూ.

ఆమె భర్త తక్కువ మాట్లాడేవాడు. మాటకు ఊపిరి చాలేది కాదు. ఒకనాటి మధ్యాహ్నం ఆమె నీళ్లకు పోయినప్పుడు నన్ను చేత్తో పిలిచాడు. మంచం అంచున కూర్చున్నాను. ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పాడు.

"నీకు ఆ మాటలు తెలుస్తాయంట గదప్పా."

"కొంచెం కొంచెం తెలుస్తాయన్నా."

"నేను ఈడ పోను. మా పాప సూడల్ల నన్ను. పొలిమేరలో పండుకోబెడితే... దగ్గరికి రానీరు." ఊపిరి కోసం ఆగాడు. "టయిమొచ్చిందని వాళ్లనుకున్న పొద్దు నాకు చెప్పొద్దు. నా పెండ్లాముకు చెప్పు. తీస్కపోతాది."

"చెప్తానన్నా," అన్నాను.

"ఒట్టా?"

ఆయన చెయ్యి చాపాడు. కంకర సుత్తి పట్టి పట్టి బొబ్బలు కాయలై, కాయలు బండబారిన చెయ్యి. అందులో చెయ్యివేశాను.

మూడు వారాలు ఆ మంచం దగ్గర కంటిన్యూ అనే మాటే విన్నాను. తర్వాత సేమ్. పల్లె నుంచి వచ్చిన మనిషి చేత ఆయన కూతురు ఒక సీతాకోకచిలుక బొమ్మ పంపింది, పెన్సిలుతో అట్టముక్క మీద గీసింది. దాన్ని ఆయన దిండు కింద పెట్టుకున్నాడు. ఆయన భార్య రోజూ అడిగేది: "ఏమప్పా, ఈపొద్దు ఏమంటాండారు?" నేను రోజూ, "పర్వాలేదక్కా" అనేవాణ్ణి. అప్పటిదాకా అది కొంతవరకు నిజమే.

ఒక సోమవారం పొద్దున డాక్టరు ఆ మంచం దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. తర్వాత విద్యార్థులతో మెల్లగా మాట్లాడాడు. ఇక చేయగలిగిందేమీ లేదన్నాడు. వారానికి మించి ఉండడన్నాడు. ఇవాళో రేపో అయితే ప్రయాణానికి తట్టుకుంటాడు, ఇంటికి తీసుకుపోతారేమో కనుక్కో అని నర్సుతో చెప్పాడు. అన్నీ చిన్న మాటలే. నోటుబుక్కు తెరవాల్సిన అవసరం రాలేదు. ఇంగ్లీషులో ఒక మనిషి మాట్లాడిందంతా మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట పోకుండా నాకు అర్థమవడం అదే మొదటిసారి.

నర్సు ఆయన భార్య దగ్గరికి వచ్చింది. "ఇంటికి తీస్కపోతారా? ఇప్పుడైతే పోవచ్చు," అంది తెలుగులోనే.

ఆమె తల తిప్పి నా వైపు చూసింది.

"ఏమప్పా? బాగైందని పొమ్మంటాండారా, ఇంగ కాదని పొమ్మంటాండారా?"

మంచం మీద ఆయన కళ్లు తెరిచే ఉన్నాడు. ఇటు మంచం మీద మా నాయన కూడా తెరిచే ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ ఎదురుగానే ఉంది. ఈ మాట పక్క మంచానికి నా నోటితో చెబితే రేపు మా మంచానికి కూడా చెప్పాల్సిన రోజు వస్తుందనిపించింది. దానికీ దీనికీ సంబంధం లేదని తెలుసు. అయినా నాలుక లేవలేదు. లేచినప్పుడు అది అలవాటైన దారినే పోయింది.

"మంచాలు తక్కువుండాయి గదక్కా, అందుకని అందరినీ అట్లే అడుగుతాండారు. ఉంటామంటే ఉండొచ్చు. మందు పని చేస్తాందంట."

ఆమె నన్ను కాసేపు చూసింది. తర్వాత నర్సుతో, "ఈడనే ఉంటాం సిస్టరమ్మా," అంది.

నర్సు అప్పటికి మూడో మంచం దగ్గర సూది వేస్తోంది. అక్కడి నుంచే తలూపింది. సాయంత్రం మందులిస్తూ నన్ను పక్కకు పిలిచి, ఇంగ్లీషులో అడిగింది, వాళ్లకు సరిగ్గా అర్థమయ్యేట్టు చెప్పావా అని. ఎస్ సిస్టర్ అన్నాను. ఆమెతో నేను తడబడకుండా ఇంగ్లీషులో చెప్పిన మొదటి జవాబు అది.

మంగళవారం చెబుదామనుకున్నాను. మంగళవారం ఆయన రెండు చెంచాలు గంజి తాగాడు. ఆమె సంబరంగా మా నాయనతో, "సూడు మామా, దిగుతాంది," అంది. ఎలా చెప్పేది? బుధవారం ఆయన చూపు నా మీద నిలబడింది. కనుబొమలు కొంచెం ఎత్తాడు, అడుగుతున్నట్టు. నేను నీళ్ల చెంబు తీసుకుని బయటికి పోయాను. చెంబు నిండానే ఉంది. గురువారం పొద్దెక్కాక, రౌండ్స్‌కు ముందే, ఆమె ఆయన కాళ్లకు నూనె రాస్తుండగా ప్రాణం పోయింది.

ఏడవడం కంటే ముందు ఆమె దిండు కింద చెయ్యి పెట్టి ఆ అట్టముక్క తీసి రొంట్లో దోపుకుంది. నాయన మంచం మీద లేచి కూర్చుని, "ఆయమ్మతో పో. ఒక్కతే ఏం చేస్తాది?" అన్నాడు. నా ముఖం చూసి అన్నాడో, ఆమె కోసం అన్నాడో తెలియదు. రాయదుర్గం పోయే ఖాళీ లారీ ఒకటి దొరికింది. డ్రైవరు మొదట కాదన్నాడు. తర్వాత, "మా నాయన్ను కూడా ఇట్లే తెచ్చినా," అని వెనక తలుపు దించాడు.

కళ్యాణదుర్గం మీదుగా ఆ మిట్ట నేలల్లో మధ్యాహ్నమంతా ప్రయాణం. ఎండిన వేరుశనగ చేలు, మధ్యలో కంకర కుప్పలు. ఆయన కొట్టినవే కావచ్చు, ఆమె అటు చూడలేదు. గాలికి దుప్పటి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టి, తల వైపు ఆమె, కాళ్ల వైపు నేను కూర్చున్నాం. 

కబురు ముందు బస్సులో పోయింది. పొలిమేర దగ్గర కానుగ చెట్టు కింద మనుషులు నిలబడి ఉన్నారు. లారీ అక్కడే ఆపించారు. ఎవరూ కఠినంగా మాట్లాడలేదు. "ఈడనే దించప్పా" అని ఒక పెద్దమనిషి మెత్తగానే అన్నాడు. గుంత అప్పటికే తవ్వి ఉంది. పాపను ఎవరో ఎత్తుకుని రోడ్డుకు అవతల నిలబడ్డారు. ఆ పిల్ల అటూ ఇటూ మెడ సాచింది గానీ మనుషుల కాళ్లు అడ్డం. ముఖం మీద గుడ్డ తీసింది కాసేపే. ఆ కాసేపట్లో ఆ పిల్లకు ఏమి కనబడిందో నాకు తెలియదు.

ఆయన తల్లి బండరాయి మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను చూసి, "ఎవురీ పిల్లోడు?" అని అడిగింది. పక్క మంచమాయన కొడుకు, ఇంగ్లీషు తెలిసినోడు అని ఎవరో చెప్పారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"సదువుకున్నోనివి గదప్పా. వాడు పోతాడని డాక్టర్లు ఒక్క మాట చెప్పలేదా? చెప్పింటే అరుగు మీద పండుకోబెట్టుకుందును గదా నా కొడుకును."

నా నోరు తెరుచుకుంది. ఏమి చెప్పబోయానో నిజంగా నాకు తెలియదు. కోడలు అడ్డం వచ్చింది.

"ఆడ అంతా ఇంగ్లీషులోనే మాట్లాడతారు అత్తా. ఎవురికీ తెలీలేదు. ఈ పిల్లోనికీ తెలీలేదు."

ముసలామె నా చెయ్యి వదిలేసింది.

మట్టి పోయడం అయ్యాక నేను రోడ్డు మీదికి వచ్చాను. చివరి బస్సు ఇంకా రాలేదు. కొంచెం తర్వాత ఆయన భార్య ఒక్కతే వచ్చి నాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. నేను ఆమెకు చెప్పాలనుకున్నాను, ఆ సోమవారం డాక్టరు ఏమన్నాడో వరసగా అంతా. "అక్కా, ఆపొద్దు..." అన్నాను.

"తెలుసులే," అంది. "ఆ నర్సమ్మ తెలుగులోనే గదా అడిగె, తీస్కపోతారా అని. అట్ల ఎప్పుడడుగుతారో నాకు తెలీదా? నువ్వు ఇంగోమాట చెప్తావేమోనని నీ పక్క చూసినా. చెప్తివి."

రోడ్డు మీద దుమ్ము లేచింది. బస్సు వస్తోంది.

"ఎక్కు," అంది. "మీ నాయన ఒక్కడే ఉంటాడు."

ఎక్కాను. కండక్టరు టికెట్టు చింపుతూ ఎక్కడి నుంచి అని అడిగాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె రోడ్డుకు అవతల పాపను చంకనెత్తుకుని పొలిమేర దాటుతోంది.